ఇద్దరు సుబ్బరావమ్మలు

నా పేరు సుబ్బరావమ్మ. ఇందులో విశేషం ఏముందని మీరు అనుకోవచ్చు. పెళ్ళయ్యాక ఏడేళ్ళపాటు ఈ పేరు అత్తవారింట్లో ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. మొన్న అరవై ఏడులో వేసినదానితో కలిపి ఇప్పటికి ఐదు సార్లు ఓటు వేశాను. వేసిన ప్రతిసారీ, ఎవరు గెలిచారు, ఎవరు ఎందుకు ఓడారు అని మా ఇంట్లో మగవాళ్ళు నెల రోజులు గొంతులు చించుకుంటారు. నాకు మాత్రం మా అత్త గుర్తొస్తుంది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆవిడతో నేను పడినన్ని గొడవలు మా ఊళ్ళో ఇంకే కోడలూ పడి ఉండదు. అయినా నేను ఈ జన్మలో ఎవరికైనా రుణపడి ఉన్నానంటే ముందు ఆవిడకే.

మాది చిలకలూరిపేటకి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె. నల్లరేగడి నేల; పత్తి, మిరప, కాస్త పొగాకు. నా పుట్టిల్లు దర్శి. నలభై మూడులో, పదహారో ఏట, ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన రోజే నా పేరుకి గండం పట్టుకుంది. మా అత్త పేరు కూడా సుబ్బరావమ్మే. కొడుకు తల్లిని పేరు పెట్టి పిలవకూడదు కనక మా ఆయన నన్ను పిలవకూడదు. అత్త తన పేరుతో తానే ఇంకొకర్ని కేకలేయదు కనక ఆవిడా పిలవదు. కోడలు అత్త పేరు నోటితో పలకకూడదు. అంటే నా పేరు నేను కూడా చెప్పుకోకూడదన్నమాట.

కొత్త పేరు పెడతామని మొదట్లో అన్నారు. అప్పుడు మిరపకాయ కోతలు నడుస్తున్నాయి. కోతలయ్యాక చూద్దామన్నారు. ఆ తరవాత ఎవరికీ గుర్తు రాలేదు. దర్శి నుంచి వచ్చాను కాబట్టి నేను దర్శి పిల్లనయ్యాను. ఇద్దరు బిడ్డల తల్లినయ్యాక కూడా దర్శి పిల్లనే. మా ఆయన బుల్లయ్య మంచివాడు, నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదంటే, ఆయన నాగలి పట్టుకుంటే ఎద్దులే విసుక్కునేవి. ఆయనకి నేను 'ఏమే'ని. దర్శి వెళ్ళినప్పుడు మా అమ్మ గుమ్మంలోంచి "సుబ్బరావా" అని పిలిస్తే, ఎవర్నో పిలుస్తోందనుకుని ఒకసారి నేను పలకలేదు. ఆ రోజు మా అమ్మ వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

యాభయ్యో సంవత్సరం జనవరిలో మనది రిపబ్లిక్ అయిందని బడి పిల్లలు జెండాలు పట్టుకుని ఊరంతా తిరిగారు. మా పిల్లలకి చెరో పిప్పరమెంటు బిళ్ళ దక్కింది. ఇక మీదట ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ, పొలం ఉన్నా లేకపోయినా ఓటు ఉంటుందని చెప్పుకున్నారు. నేను నమ్మలేదు. మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలో చెప్పడానికే నాకు హక్కు లేదు, దేశాన్ని ఎవరు ఏలాలో నన్నెవరు అడుగుతారు?

అడగడానికి మార్కు మాస్టారు వచ్చాడు. ఆయన మిషన్ బడి పంతులు. ఓటర్ల పేర్లు రాసే పని సర్కారు ఆయనకి అప్పగించింది. మా వీధిలో ఏ ఇంటివాళ్ళూ ఆయన్ని వసారా ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఎండలో, వీధిలో నిలబడే రాసుకునేవాడు. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. అప్పుడు ఆ ఆలోచనే లేదు. పత్తి తీతల రోజులు. మా అత్త కూలీలతో చేలో ఉంది, మా ఆయనా అక్కడే. నేను తలుపు చాటున నిలబడ్డాను.

మా ఆయన పేరు, అత్త పేరు, ఆవిడ పేరు పక్కన రాయడానికి చనిపోయిన మా మామగారి పేరు మాస్టారికి తెలిసినవే, అడక్కుండానే రాసుకున్నాడు. ఆ తరవాత తల ఎత్తి నా పేరు అడిగాడు. ఫలానా ఆయన భార్య అని రాసుకొమ్మన్నాను. మిగతా ఇళ్ళల్లో మగవాళ్ళు అలాగే చెప్పి పంపిస్తున్నారని విన్నాను. ఆయన పెన్సిలు ఆపేశాడు.

"భార్య అని రాస్తే కుదరదండమ్మా. ఎవరి పేరు వాళ్ళు చెప్పాలని ఆర్డరొచ్చింది. పేరు చెప్పకపోతే ఓటుండదు."

వెనక్కి తిరిగి చూశాను. పెరట్లో ఒక కోడి తప్ప ఎవరూ లేరు. సుబ్బరావమ్మ, అన్నాను. అది మీ అత్తగారి పేరు కదా అన్నాడాయన. నాదీ అదే అన్నాను. ఆయన నవ్వలేదు. అలా నవ్వనందుకు ఆయనకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. నెమ్మదిగా రాసి, నేను అడగ్గానే పుస్తకం ఇటు తిప్పి, దూరం నుంచే చూపించాడు. నేను మూడో తరగతి దాకా చదివాను. నా పేరు అంత పొడుగుంటుందని అప్పటిదాకా తెలియదు. ఆయన పక్కింటికి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు తలుపు పట్టుకుని నిలబడ్డాను. అన్నం మాడిపోయింది. సాయంత్రం అత్త చేత తిట్లు తిన్నాను, అయినా ఆ రోజు తిట్లు తిట్లలా లేవు.

ఆ ఏడాది చివర పొగాకు నాట్లు వేస్తుండగా ఓటర్ల జాబితా తెచ్చి బడి గోడకి అంటించారు. పిల్లాడికి చద్దన్నం ఇచ్చే వంకతో వెళ్ళి చూశాను. మా ఇంటి నంబరు దగ్గర మా ఆయన పేరుంది. దాని కింద సుబ్బరావమ్మ, భర్త బుల్లయ్య. దాని మీద ఎర్ర సిరాతో గీత. దాని కింద సుబ్బరావమ్మ, భర్త వెంకయ్య, అంటే మా అత్త. దాని మీద గీత లేదు. ఒకే ఇంట్లో ఒకే పేరు రెండుసార్లు పడిందని, పంతులు పొరబాటున రాశాడని, కరణం ఇంట్లో కూర్చునే కొట్టేశాడు. ఆయన తప్పు మాత్రం ఏముంది, మా ఇంట్లో ఇద్దరు సుబ్బరావమ్మలున్నారని ఊళ్ళో ఎవరు విన్నారు గనక?

ఇంటికొచ్చి చల్ల కవ్వం విసిరికొట్టాను. మా ఆయన నాట్ల నుంచి వచ్చి సంగతి విని, దీనికింత రాద్ధాంతం ఎందుకన్నాడు. ఇంట్లో తన ఓటుంది, అమ్మ ఓటుంది, ఇంకేం కావాలన్నాడు. పేటకొచ్చి ఆఫీసరుకి చెప్పమంటే గతుక్కుమన్నాడు. నలుగురిలో తల్లి పేరెత్తి, అదే నా పెళ్ళాం పేరని ఎలా చెబుతాను, నా వల్ల కాదన్నాడు. చెప్పొద్దులే, నేనే పోతానన్నాను. ఏడేళ్ళూ నోరు మూసుకుని ఉన్నదాన్ని, ఆ పూట మాత్రం ఊరుకోలేకపోయాను. నాకేం నగ చేయించమనలేదు, చీర కొనమనలేదు. ఒక కాగితం మీద ఒక్కసారి నేను మనిషిగా కనబడ్డాను, దాన్ని కూడా కొట్టేస్తారా? ఈ మాటలన్నీ మా ఆయనతో అన్నాను, కాని అన్నీ మా అత్తకి వినబడేటట్టే అన్నాను.

మా అత్త వసారాలో చేటలో మిరప గింజలు చెరుగుతోంది. అత్త పేరు పరాయి మగవాడి ముందు పలికినందుకు ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ చెరగడం ఆపింది.

"నీ పేరు నీ నోటితోనే చెప్పావా?"

చెప్పానన్నాను. చేట అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చీకటి పడబోతుండగా, పేటకి నేనూ వస్తానంది.

ఎందుకొస్తానందో నాకు అర్థమయిందనుకున్నాను. అక్కడ ఆఫీసరు ముందు కూర్చుని, ఈ ఇంట్లో సుబ్బరావమ్మ నేనొక్కదాన్నే అని తేల్చి చెప్పడానికి. మా అత్త సంగతి నాకు తెలియదా!

మార్కు మాస్టారు కబురు పంపాడు. శుక్రవారం పేటలో ట్రావెలర్స్ బంగళాలో తాసిల్దారు కూర్చుని అభ్యంతరాలు వింటాడని, అదే ఆఖరి రోజని, ఇద్దరూ ఎదురుగా కనబడితే మంచిదని, తాను కూడా సైకిలు మీద వచ్చి సాక్ష్యం చెబుతానని. మా పెరటి వెనక దూదేకుల పీరు సాహెబ్ ఇల్లు. పరుపులకి దూది తేవడానికి ఆయన పేటలో పత్తి మిల్లుకి బండి కట్టుకుని పోతుంటాడు. ఆ బండిలోనే ఎక్కాం. ఆయన భార్య జాన్‌బీ మాకు తోడు. జాన్‌బీ నోరు ఊరుకోదు. మా ఇంట్లో ఇంకో జాన్‌బీ లేదు కాబట్టి బతికిపోయానని దారంతా నవ్వించింది. రోడ్డెక్కాక పత్తి బేళ్ళ లారీలు దుమ్ము లేపుతూ పోతున్నాయి. మా అత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కొంగు వెనక పెదవులు కదులుతున్నాయి. నా మీద చెప్పాల్సినవన్నీ వల్లె వేసుకుంటోందనుకుని మొహం పక్కకి తిప్పుకున్నాను.

బంగళా ముందు చాలామంది ఉన్నారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తాసిల్దారు నడివయసు మనిషి, కళ్ళద్దాలు. అలిసిపోయి ఉన్నాడు. దొంగ ఓట్ల కోసం ఒకే మనిషిని రెండుసార్లు రాయిస్తున్నారని పొద్దుట్నించీ వింటున్నాడు కాబోలు, మా కాగితం చూడగానే నొసలు చిట్లించాడు. మార్కు మాస్టారు లేచి, ఇంట్లో ఇద్దరున్నారని, తన కళ్ళతో చూసి రాశానని చెప్పాడు. తాసిల్దారు నన్ను పిలిచాడు. పేరు చెప్పాను. అత్త పక్కనే ఉండగా, ఆవిడ ముఖం చూడకుండా చెప్పాను. భర్త పేరు అడిగాడు. నా నోరు పడిపోయింది. బుల్లయ్యండి, నా కొడుకు అని మా అత్త అందించింది. ఆవిడ భర్త పేరు అడిగితే ఆవిడా చెప్పదు, మామగారి పేరు నేనూ చెప్పను. వెంకయ్యండీ అని జాన్‌బీ వెనక నుంచి కేకేసింది. అక్కడున్న గుమాస్తా నవ్వాడు.

తాసిల్దారు నవ్వలేదు. ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారని నన్నడిగాడు. దర్శి పిల్ల అంటారని చెప్పక తప్పలేదు. అయితే సుబ్బరావమ్మ అన్న పేరుతో ఊళ్ళో నిన్నెరిగినవాళ్ళు ఒక్కరున్నారా అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే జాన్‌బీ తల దించుకుంది. ఏడేళ్ళుగా గోడ అవతల ఉన్న మనిషికే ఈ గొడవ వచ్చేదాకా తెలియదు. ఒక్కరూ లేరు. ఆయన కలం తీసి మూత విప్పాడు. కొట్టేసినది కొట్టేసినట్టే ఉంచబోతున్నాడని నాకు తెలిసిపోయింది. కాగితం మీద చూపు నిలిపి, ఊరికే లాంఛనానికి అన్నట్టు, మా అత్తని పేరు అడిగాడు.

ఆవిడ కొంగు సర్దుకుని గొంతు సవరించుకుంది.

"నా పేరు నరసమ్మ," అంది.

నా కోసం అబద్ధం ఆడుతోందనుకున్నాను. ఆఫీసరు ముందు అబద్ధమాడి ఉన్న ఓటు కూడా పోగొట్టుకుంటుందని భయపడి, అత్తయ్యా అని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి విడిపించుకుంది. మరి వెంకయ్య భార్య సుబ్బరావమ్మ ఎవరని తాసిల్దారు కళ్ళద్దాల మీంచి చూశాడు.

"నేనేనయ్యా. మాది సింగరాయకొండ. నరసింహస్వామి పేరని మా అమ్మ నాకు నరసమ్మని పెట్టింది. ఇక్కడికొచ్చేతలికి మా అత్త పేరూ అదే. ఇంట్లో ఇద్దరు నరసమ్మలెందుకని, గుమ్మంలోనే నా పేరు తీసేసి ఇది పెట్టారు. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. నలభై ఏళ్ళయింది నన్నెవరూ నరసమ్మా అనక." ఊపిరి తీసుకుని నా వైపు చెయ్యి చూపించింది. "సుబ్బరావమ్మ అనేది ఈ పిల్ల సొంత పేరయ్యా. నాది నాకు రాయండి, దానిది దానికి రాయండి."

గుమాస్తా మాత్రం, పుట్టింటివాళ్ళెవరైనా వచ్చి సాక్ష్యం చెప్పాలి కదండీ అని గొణిగాడు. తాసిల్దారు మా అత్త వైపు కాసేపు చూశాడు. ఈ తల్లి పేరేమిటో ఈ తల్లి కంటే బాగా ఎవరు చెబుతారయ్యా అని గుమాస్తాని కసిరి, ప్రమాణం చేయించి, రెండు పేర్లూ తన చేత్తోనే రాశాడు. ఆయన పేరేమిటో నాకు తెలియదు. ఆ తరవాత ఎక్కడికి బదిలీ అయ్యాడో తెలియదు. ఎక్కడున్నా ఆయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. కొత్త సర్కారంటే ఏమిటో నాకు ఆ రోజు కనబడింది. వెనకటికి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ ముందు మా తాతలు చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేం అత్తాకోడళ్ళం ఇద్దరం ఆ కుర్చీ ముందు నిలబడి, ఎవరి పేరు వాళ్ళం తీసుకుని వచ్చాం.

తిరుగు ప్రయాణంలో జాన్‌బీ నోరు మొట్టమొదటిసారి మూతపడింది. దూది మూటల మధ్య నేనూ మా అత్తా ఎదురెదురుగా కూర్చున్నాం. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"ఎవరడిగారు?" అంది. చాలా దూరం పోయాక మళ్ళీ తనే అంది. "నా పేరు పోతే నేను రెండు రోజులు ఏడ్చి ఊరుకున్నా. నీ పేరు పోతే నువ్వు కవ్వం విసిరికొట్టావు. అట్టా విసిరికొట్టొచ్చని నాకు తెలవలా."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడేళ్ళుగా ఈవిడ నా పేరు మింగేసిందని తిట్టుకుంటున్నాను. ఆవిడ గొంతులో ఇంకో పేరు నలభై ఏళ్ళుగా ఉందని నాకేం తెలుసు? తనకి జరిగిందే నాకూ చేసింది, నిజమే. ఆ మాట తప్పించి చెప్పను. కాని దాన్ని విప్పడానికి నలుగురి ముందుకొచ్చింది కూడా ఆవిడే. ఇంటికొచ్చాక మా మధ్య తగాదాలేం తగ్గలేదు. ఉప్పు డబ్బా దగ్గర, మజ్జిగ దగ్గర, పిల్లల దగ్గర మామూలుగానే పోట్లాడుకున్నాం. నన్ను ఆవిడ సుబ్బరావమ్మా అని పిలవడానికి నోరు తిరగక మూడు నెలలు అవస్థ పడింది. పిలిచిన రోజు మాత్రం, ఆ పిలుపు నన్ను మిరపకాయలు ఎండలో పొయ్యమని చెప్పడానికే.

ఓట్లు ఏడాది తరవాత, యాభై రెండు జనవరిలో వచ్చాయి. మిరప పండి చేలన్నీ ఎర్రగా ఉన్న రోజులు. కోతలు ఆపేసి ఊరు ఊరంతా మిషన్ బడికి వచ్చింది. ఆడవాళ్ళ వరస వేరే. పసుపు రాసుకుని, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని వచ్చారు. తమ వసారా ఎక్కనివ్వని మార్కు మాస్టారి బడిలోకి, ఆయన దారి చూపిస్తుంటే, మా వీధివాళ్ళందరూ తలలు వంచుకుని లోపలికి నడిచారు. లోపల ఒక ఆఫీసరు జాబితా చూసి పేరు గట్టిగా చదువుతాడు. చదివాక వేలికి సిరా పెట్టి కాగితం ఇస్తారు. సుబ్బరావమ్మ, భర్త బుల్లయ్య అన్నాడు. నేనేనండి అని ముందుకెళ్ళాను. సిరా చల్లగా తగిలింది.

నా వెనక మా అత్త. ఆఫీసరు తరవాతి పేరు చదివాడు. నరసమ్మ, అన్నాడు. ఆవిడ కదల్లేదు. మళ్ళీ చదివాడు. వెనక నుంచి జాన్‌బీ పొడిచింది. అప్పుడు నాలుగడుగులు వేసి బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. చెయ్యి మాత్రం చాచలేదు. ఆ ముఖంలో యాభై నాలుగేళ్ళ మనిషి లేదు.

"ఇంకొక్కసారి పిలవండి బాబూ," అంది.

ఆ కుర్రవాడు పాపం చెముడనుకున్నాడు. మా అత్తకి చెముడేమిటి, పెరట్లో చింతగింజ పడితే వసారాలో వినబడే మనిషి. నేను చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, వరసలో ఉన్నవాళ్ళందరికీ, బయట ఎండలో నిలబడ్డ మగవాళ్ళకీ వినబడేటట్టు, "నరసమ్మా!" అని పిలిచాడు.

"ఆఁ, వచ్చా," అని మా అత్త వేలు చాచింది.